లాక్‌డౌన్‌లో కీమో ఆగకూడదంటే.. మీరేం చేస్తారు?

ఓ క్యాన్సర్ ఆసుపత్రిలో పేషెంట్ కోఆర్డినేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనుకోండి. మీరు డిగ్రీ పూర్తిచేశారు. పేరు, ఊరు, చదువు.. మామూలు ప్రశ్నలన్నీ అయ్యాయి. మీది పల్నాడు అని విన్నాక ఎదుటి కుర్చీలోని డాక్టర్ ఇలా అడుగుతారు.

‘‘కొండవీడులో ఒకావిడ ఉన్నారు. యాభై ఏళ్లుంటాయి. రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ మీద కీమో నడుస్తోంది. రెండు డోసులు అయ్యాయి. మూడోది వచ్చే సోమవారం. ఇవాళ రాత్రి నుంచి లాక్‌డౌన్. బస్సుల్లేవు, రైళ్లు లేవు, రాష్ట్ర సరిహద్దు మూసేశారు. ఆవిడ చికిత్స ఆగకుండా మీరేం చేస్తారు?’’

చాలామంది నోటి వెంట వచ్చే జవాబు ‘అంబులెన్స్ ఏర్పాటు చేస్తాను సర్’. తప్పని కాదు. కానీ ఒకరికైతే అంబులెన్స్ పెట్టొచ్చు, మీ జాబితాలో నాలుగు వందల పేర్లుంటే? ఆ అంబులెన్స్‌ను సరిహద్దులో ఆపేస్తే? ఆపేసిన రోజులు మనం చూశాం కూడా.

ఈ ఆవిడ కేవలం ఉదాహరణకు అనుకున్న మనిషి. ప్రశ్న మాత్రం ఊహ కాదు. 2020లో దేశంలోని ప్రతి క్యాన్సర్ ఆసుపత్రీ ఈ ప్రశ్నను ఎదుర్కొంది. దీనికి సరైన జవాబు చెప్పగలిగిన మనుషులకు ఇప్పుడు ఉద్యోగాలున్నాయి. డాక్టర్లే కానక్కర్లేదు. బీఎస్సీ, బీకాం, బీఏ వాళ్లకూ చోటుంది. అందుకే ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

దారి తెగిన రోజులు

కొండవీడు ఉన్నది యడ్లపాడు మండలంలో. గుంటూరుకు పాతిక కిలోమీటర్లు. చిలకలూరిపేట, ఫిరంగిపురం, నరసరావుపేట.. ఎటు చూసినా దగ్గరే. జ్వరానికో కాన్పుకో ఈ ఊళ్లు చాలు. క్యాన్సర్ అనగానే మాత్రం జనం గుంటూరు, విజయవాడ చూస్తారు, అక్కణ్నుంచి హైదరాబాద్ చూస్తారు. అక్కడ ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచి ఉంది. బసవతారకం 2000లో మొదలైంది. ఈ రెండు పేర్లూ మన పల్లెల్లో చాలామందికి తెలుసు. 2019 నవంబరు 1 నుంచి ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకూ విస్తరించడంతో ఆ దారి ఇంకాస్త తేలికైంది. తలుపు తెరుచుకుని ఐదు నెలలు నిండకుండానే దారే మూసుకుపోయింది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. అప్పుడు ఆగిన మన ఆర్టీసీ బస్సు మళ్లీ కదిలింది మే 21న. అదీ రాష్ట్రం లోపలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య ఆర్టీసీ సర్వీసులు నవంబరు 2 దాకా మొదలుకాలేదు. అంటే ఏడు నెలలకు పైగా చిలకలూరిపేట బస్టాండులో హైదరాబాద్ ఆర్టీసీ బస్సు లేదు. మే ఆరంభంలో కేంద్రం ప్రకటించిన రెడ్‌జోన్ జిల్లాల్లో గుంటూరు ఉంది (పల్నాడు జిల్లా అప్పటికి లేదు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది). నరసరావుపేట రాష్ట్రంలోనే పెద్ద హాట్‌స్పాట్లలో ఒకటి. పక్క ఊరు వెళ్లడమే గగనం. లాక్‌డౌన్ మొదలైన రెండో రోజే, హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు బయల్దేరిన జనం దాచేపల్లి దాటాక వచ్చే పొందుగుల చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయిన దృశ్యాలు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు మీరు హైస్కూల్లో ఉండుంటారేమో.

2021 మే నెల ఇంకో పాఠం. రెండో వేవ్‌లో, హైదరాబాద్ ఆసుపత్రిలో ముందే పడక ఖాయం చేసుకుని అనుమతి తెచ్చుకున్నవాళ్లనే రానిస్తామని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దుల్లో అంబులెన్సులు ఆగిపోయాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపేసింది. ఆగినవి ఎక్కువగా కొవిడ్ రోగుల బళ్లే. కానీ కీమోకు వెళ్లాల్సినవాళ్ల దారి కూడా అదే కదా!

సరే, ఇది కరోనా కాలం గొడవ, అయిపోయింది అనుకుంటున్నారా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్ హైవే మీదికే నీళ్లొచ్చాయి. రైళ్లు రద్దయ్యాయి. దారి తెగడానికి మహమ్మారే రానక్కర్లేదు.

మూడు నెలల్లో 60,510 మంది

ఇంటర్వ్యూలో మీకు బలాన్నిచ్చే లెక్కలు కొన్ని ఉన్నాయి. టాటా మెమోరియల్ సమన్వయంతో 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ గురించి తెలుసుకోండి. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఇది. ఇందులోని 41 కేంద్రాల లెక్కలను తీసుకుని 2020 మార్చి, ఏప్రిల్, మే నెలలను 2019లోని అవే నెలలతో పోల్చారు. 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ఆ ఫలితాలు వచ్చాయి.

కొత్తగా పేరు నమోదు చేయించుకున్న రోగులు 1,12,270 నుంచి 51,760కి పడిపోయారు. సగానికి పైగా తగ్గుదల. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. వచ్చి చేయించుకుని వెళ్లిపోయే కీమోలు 37 శాతం తగ్గాయి. రేడియేషన్ మాత్రం 23 శాతమే తగ్గింది. మన వైపు పెద్దవాళ్లు దీన్నే ‘కరెంటు పెట్టడం’ అంటారు. బహుశా ఒకసారి రేడియేషన్ మొదలుపెట్టినవాళ్లు ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకుని ఉండిపోతారు కాబట్టి ఈ తేడా వచ్చి ఉంటుంది. ముందస్తు పరీక్షల సంగతి మరీ దారుణం. డెబ్భై శాతానికి పైగా కేంద్రాల్లో అవి పూర్తిగా ఆగిపోయాయి, లేదా మామూలులో పావువంతుకన్నా తక్కువకు పడిపోయాయి.

ఇంకో విషయం గమనించండి. పెద్ద నగరాల్లోని ఆసుపత్రుల్లో తగ్గుదల ఎక్కువ, చిన్న నగరాల్లో తక్కువ. ఎందుకో మీరే ఆలోచించండి. ముంబయి, హైదరాబాద్ లాంటి చోట్లకు వచ్చే రోగి దూరం నుంచి వస్తాడు. దగ్గర్లోని ఆసుపత్రికి ఎలాగోలా బండి మీద వెళ్లొచ్చు.

నమోదుల్లో తేడా 60,510 మంది. మూడు నెలలు, 41 ఆసుపత్రులు, అంతే. వాళ్లకు జబ్బు రాకుండా పోలేదు, ఇంట్లో ఉండిపోయారు. ఆలస్యమైతే ఏమవుతుందో 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. చికిత్స నాలుగు వారాలు ఆలస్యమయ్యే కొద్దీ మరణ ముప్పు 6 నుంచి 13 శాతం పెరుగుతుందని తేల్చింది.

మరి కరోనా ఉండగా ఆపరేషన్లు చేయడం ప్రమాదం కాదా? టాటా మెమోరియల్ వైద్యులు 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 దాకా 494 పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరు కూడా చనిపోలేదు. ఆరుగురికి మాత్రం కొవిడ్ తేలింది. జాగ్రత్తగా ఉంటే ఆపక్కర్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాబట్టి సమస్యలో సగం ఆపరేషన్ థియేటర్ బయట ఉంది. మీ ఉద్యోగం ఉన్నది ఆ సగంలోనే.

మొదట చేయాల్సింది ఫోను

ఇప్పుడు కొండవీడు ఆవిడ దగ్గరికొద్దాం. మొదటి పని అంబులెన్స్ కాదు, ఫోను. ‘అమ్మా, ఎలా ఉన్నారు?’ అని అడిగి ఆపేయకండి. నాలుగు విషయాలు తెలియాలి. జ్వరం ఉందా? నోట్లో పుండ్లు, విరేచనాలు లాంటి ఇబ్బందులేమైనా ఉన్నాయా? రెండో డోసు ఏ తారీఖున ఎక్కించారు? ఫైలు ఇంట్లోనే ఉందా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అసలు కథంతా దాని మీదే. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, ఏ మందు ఎంత మోతాదులో ఎన్నిరోజులకోసారి ఇస్తున్నారో రాసిన కీమో చార్టు.. ఈ మూడు ఉంటే గుంటూరులో డాక్టర్ చికిత్సను అక్కడి నుంచి అందుకోగలరు. లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. రోగి సంచిలో అన్ని స్కానింగ్ ఫిల్ములూ ఉంటాయి గానీ ఆ ఒక్క చార్టు కనబడదు. కాబట్టి మంచి కోఆర్డినేటర్ ఏం చేస్తారంటే, ప్రతి కీమో రోజున ఈ మూడు కాగితాలను ఫొటో తీయించి రోగి కొడుకు ఫోన్‌లోనో కూతురి ఫోన్‌లోనో పెట్టిస్తారు. అదీ లాక్‌డౌన్ వచ్చాక కాదు, మామూలు రోజుల్లోనే.

రెండో పని: మీ ఆసుపత్రి డాక్టర్‌ను అడగడం. వారం వెనక్కి జరిపితే నష్టమా? మందు మార్చొచ్చా? కొన్ని క్యాన్సర్లలో సెలైన్‌లో ఎక్కించే మందు బదులు మాత్రలు ఇచ్చే వీలుంటుంది. కొన్నింట్లో అస్సలు ఉండదు. ఇది మీరు నిర్ణయించే విషయం కాదు. దీన్ని ఇంటర్వ్యూలో స్పష్టంగా చెప్పండి. ‘నేను రోగికి చెప్పేస్తాను’ అన్నారంటే ఉద్యోగం అక్కడే పోతుంది. అడగాల్సిన ప్రశ్నను డాక్టర్ ముందు అరనిమిషంలో అర్థమయ్యేలా పెట్టడం మీ పని. ‘సర్, ఫలానా ఆవిడ, రెండో డోసు అయి పద్దెనిమిది రోజులు, జ్వరం లేదు, సోమవారం మూడోది. రాలేరు. గుంటూరుకు పంపమంటారా?’

మూడోది: దగ్గర్లో ఎక్కడ? గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. గుంటూరు, విజయవాడల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. అయితే ఆరోగ్యశ్రీ అనుమతి ఆసుపత్రి పేరు మీద వస్తుంది. వేరే ఆసుపత్రికి మారితే అక్కణ్నుంచి కొత్తగా అనుమతి పెట్టాలి. ఇది తెలియక రోగి గుంటూరు వెళ్తే కౌంటర్ దగ్గర ఆగిపోతారు. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఈ పని చూసేది ఒకప్పటి ఆరోగ్యమిత్ర, ఇప్పటి వైద్యమిత్ర. రోగి ఇల్లు కదలకముందే రెండు ఆసుపత్రుల మిత్రలతోనూ మీరు మాట్లాడి ఉండాలి.

నాలుగోది: రక్తపరీక్ష. ప్రతి కీమోకు ముందు తెల్లకణాలు సరిపడా ఉన్నాయో లేదో చూస్తారు. దీనికోసం హైదరాబాద్ ఎందుకు? చిలకలూరిపేటలోనో నరసరావుపేటలోనో ల్యాబులో చేయించి రిపోర్టు వాట్సప్‌లో పంపితే సరి. కణాలు తక్కువగా ఉంటే ఆ ప్రయాణమే అనవసరం. కరోనా కాలంలో ఆసుపత్రులు నేర్చుకున్న చిన్న పాఠాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. రోగి చేసే ప్రయాణాల్లో ఎన్నో కేవలం అలవాటు కొద్దీ చేసేవి.

రోగి రావాల్సిన అవసరం లేనిచోట రప్పించకుండా చూడటం కూడా చికిత్స ఆగకుండా చూడటమే. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి రోజుకో మాత్ర వేసుకునేవాళ్లుంటారు. వాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి ఫోన్‌లో మాట్లాడితే చాలాసార్లు సరిపోతుంది. 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీ మొదలైంది. అంతకుముందే, 2019 నవంబరులో, ఆరోగ్య కేంద్రాల నుంచి పెద్ద ఆసుపత్రి డాక్టర్‌తో మాట్లాడే ఈ-సంజీవనిని ముందుగా అమలుచేసింది మన రాష్ట్రమే. కేరళలో అగ్నిమాపక సిబ్బంది క్యాన్సర్ రోగుల ఇళ్లకు మందులు చేర్చారు. మన తపాలా శాఖ కూడా లాక్‌డౌన్‌లో మందుల పార్శిళ్లు మోసింది.

రేడియేషన్‌లోనూ ఇలాంటి మార్పే వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చేదాన్ని ఒకే వారంలో 5 సార్లుగా ఇచ్చినా ఐదేళ్ల ఫలితాల్లో తేడా లేదని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్ ఫార్వర్డ్ అధ్యయనం 2020 ఏప్రిల్‌లో చెప్పింది. అందరికీ పనికిరాకపోవచ్చు. కానీ పనికొచ్చే రోగికి పది ప్రయాణాలు మిగిలాయి.

ఇన్ని చెప్పాక చివర్లో చెప్పండి అంబులెన్స్ మాట, ఈ-పాస్ మాట. అప్పుడు డాక్టర్ తలూపుతారు.

ఒక్క మినహాయింపు. కీమో అయ్యాక జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఫోన్లూ ల్యాబులూ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం తీయగలదు. కరోనా రోజుల్లో జ్వరమని చెబితే కొవిడ్ వార్డుకు తీసుకెళ్తారేమోనని దాచినవాళ్లున్నారు. దాచకుండా చెప్పేంత చనువు రోగికి మీ దగ్గర ఉండాలి. ఏ కోర్సులోనూ దీనికి మార్కులుండవు.

ఐదు పేర్లు, ఒక జాబితా

ఇప్పుడు ఓ చిన్న అభ్యాసం. పెన్ను తీసుకోండి. లాక్‌డౌన్ రేపు. మీ ముందు ఐదుగురు. ఎవరికి ముందు ఫోన్ చేస్తారో వరస రాయండి.

ఒకరు: మూడేళ్ల నుంచి మాత్రలు వాడుతున్నారు, మామూలు చెకప్ ఉంది. ఇంకొకరు: 25 రోజుల రేడియేషన్‌లో 12 రోజులు అయ్యాయి. మూడోవారు: కీమో అయి పది రోజులు, నిన్నటి నుంచి జ్వరం. నాలుగోవారు: జబ్బు ముదిరిపోయింది, ఇంట్లోనే ఉన్నారు, నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు నాలుగు రోజులకే ఉన్నాయి. ఐదోవారు: మెడ మీద గడ్డ, నెలరోజులైంది, ఇంకా ఏ పరీక్షా కాలేదు.

జ్వరం ఉన్నవారిని మొదట పెట్టారు కదా, సరైనదే. రేడియేషన్ మధ్యలో ఉన్నవారిని రెండోదిగా పెట్టి ఉంటారు. మధ్యలో గ్యాప్ వస్తే క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి, వీళ్లను ఆసుపత్రి దగ్గర్లోనే ఉంచే ఏర్పాటు చూడాలి. మార్ఫిన్ ఆయన్ను చాలామంది ‘ఇక చేసేదేముంది’ అని కిందికి నెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. మార్ఫిన్ ప్రతి మందులషాపులోనూ దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. ఐదో రోజు ఆ ఇంట్లో పరిస్థితి ఊహించండి. మాత్రల మీద ఉన్నవారు ఫోన్‌తో సరిపెట్టుకోగలరు.

మరి ఐదోవారు? గడ్డ ఉన్నవారు? నిజానికి మీ దగ్గర ఆ పేరు ఉండదు. ఏ ఆసుపత్రిలోనూ నమోదు కాలేదు కదా. పైన చెప్పిన 60,510లో ఉన్నది ఇలాంటివాళ్లే. ఆసుపత్రి జాబితా ఎంత చక్కగా ఉన్నా అందులో లేనివాళ్లను అది కాపాడలేదు. వాళ్లను పట్టుకోగలిగింది ఊళ్లో తిరిగే ఆశా, ఏఎన్ఎం, ఊరి క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీ. అందుకే కోఆర్డినేటర్ ఫోన్‌బుక్‌లో డాక్టర్ల నంబర్లు మాత్రమే ఉంటే చాలదు, యడ్లపాడు పీహెచ్‌సీ పరిధిలోని ఆశా కార్యకర్తల నంబర్లు కూడా ఉండాలి.

ఇక్కడ ఓ మాట. కొండవీడు కొండెక్కినవాళ్లకు తెలుసు, పైన ఒకటికి మూడు చెరువులుంటాయి. ముట్టడి వచ్చి కింద దారులు మూసుకుంటే నీళ్లకు వెతుక్కోకూడదని రెడ్డి రాజుల కాలంలోనే ఆ ఏర్పాటు. ఫ్రెండ్స్‌తో ఘాట్‌రోడ్డులో వెళ్లి సెల్ఫీలు దిగేటప్పుడు ఆ చెరువుల వైపు కూడా ఓ చూపు వేయండి.

ఎవరు చేస్తారు ఈ ఉద్యోగం?

న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో ఓ ప్రయోగం మొదలుపెట్టారు. పేద రోగులు చికిత్స మధ్యలో తప్పిపోకుండా వెంట ఉండి నడిపించే మనుషుల్ని పెట్టారు. పేషెంట్ నావిగేటర్లు అన్నారు. తక్కువ ఖర్చుతో ముందస్తు పరీక్షలు, ఈ నావిగేటర్లు.. ఈ రెండూ కలిశాక అక్కడ రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ఐదేళ్లు బతికేవాళ్లు 39 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. కొత్త మందు వల్ల కాదని గమనించండి.

మన దేశంలో ఇదే ఆలోచనతో టాటా మెమోరియల్ ‘కేవట్’ పేరుతో నావిగేటర్లకు శిక్షణ మొదలుపెట్టింది. రాముణ్ని గంగ దాటించిన పడవవాడి పేరది, మనకు గుహుడన్నట్టు. ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇది. ముందుగా డిగ్రీ ఉండాలి. అర్హతలు, ఫీజు, స్టైపెండ్ ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. టాటా మెమోరియల్ శాఖ మనకు దగ్గర్లోనే విశాఖపట్నం అగనంపూడిలో ఉంది, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. అక్కడి ఉద్యోగ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇదే పని కేర్ కోఆర్డినేటర్, పేషెంట్ కోఆర్డినేటర్ లాంటి పేర్లతో ఉంటుంది. ప్రకటన చదివేటప్పుడు ఒకటి చూసుకోండి. కొన్నిచోట్ల ఆ పేరుతో పెట్టేది రోగుల్ని రప్పించే మార్కెటింగ్ ఉద్యోగం. ‘టార్గెట్’ అనే మాట కనబడితే అది ఇది కాదు.

వైద్యమిత్ర పోస్టులు రాష్ట్రంలో చాలావరకు అవుట్‌సోర్సింగ్. జీతం పెద్దగా ఉండదు, రెగ్యులర్ చేయమని వాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి దాచి మిమ్మల్ని ఊరించడం న్యాయం కాదు. కానీ రెండేళ్లు ఆ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు అనుమతులు, క్లెయిములు, రోగితో మాట్లాడటం వచ్చేస్తాయి. ఆరోగ్య బీమా కంపెనీలు, పెద్ద ఆసుపత్రులు వెతికేది ఆ అనుభవాన్నే.

నర్సింగ్ చదువుతున్నవాళ్లకు ఎంఎల్‌హెచ్‌పీ దారి ఉంది. ఊళ్లోకే నెలకు రెండుసార్లు డాక్టర్ వచ్చే ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని 2023 ఏప్రిల్ 6న ప్రారంభించింది కొండవీడు ఉన్న చిలకలూరిపేట నియోజకవర్గంలోనే, లింగంగుంట్లలో. ఆ ఊరి క్లినిక్‌లో రోజూ ఉండేది బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషే.

ఫిజిక్స్ వాళ్లను ఎవరూ ఈ రంగం వైపు పంపరు, అదేంటో మరి. రేడియేషన్ ఇచ్చే ప్రతి కేంద్రంలో మెడికల్ ఫిజిసిస్ట్ ఉండాలని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబయి బార్క్‌లో ఏడాది డిప్లొమా, లేదా గుర్తింపు ఉన్న మెడికల్ ఫిజిక్స్ పీజీ చేయాలి. 15 సార్లు ఇచ్చేదాన్ని 5 సార్లకు కుదించినప్పుడు మోతాదు లెక్క సరిచూసేది వీళ్లే. ఫార్మా-డి వాళ్లు కీమో మందులు కలపడం, నిల్వలు చూడటం మీద దృష్టిపెట్టొచ్చు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ వాళ్లకు క్యాన్సర్ రిజిస్ట్రీలున్నాయి.

ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి? ఏదో ఓ సోమవారం పొద్దున గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లి ఓపీ హాల్లో రెండు గంటలు ఊరికే కూర్చోండి. ఏ కాగితం లేక ఎవరు వెనక్కి వెళ్తున్నారో గమనించండి. ఎవరి ఫొటోలూ తీయొద్దు, పేర్లు రాసుకోవద్దు. ఇంట్లోనో బంధువుల్లోనో క్యాన్సర్ ఫైలు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే, దాన్ని చదివి ఒక పేజీ సారాంశం రాయండి. ఎక్సెల్‌లో ఇరవై ఊహా పేర్లతో తారీఖుల పట్టీ తయారుచేసి, ఎవరి డోసు ఏ రోజు పడుతుందో అదే చూపించేలా చేయండి. కాలేజీ ఎన్ఎస్ఎస్‌లో ఉంటే రక్తదాతల జాబితా రాసిపెట్టుకోండి. కాలేజీలు మూతపడితే క్యాంపులు ఆగి రక్తనిధులు ఖాళీ అవుతాయి, ప్లేట్‌లెట్లు అవసరమయ్యేది ఈ రోగులకే. ఈ నాలుగూ చేసిన అభ్యర్థి రెజ్యూమేలో ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని రాసుకోనక్కర్లేదు.

ఇంటర్వ్యూలో ఇంకో ప్రశ్న మిగిలింది. ఇంత చెప్పాక డాక్టర్ అడుగుతారు. ‘‘బాగానే ఉందమ్మా. ఆవిడ ఫోన్ ఎత్తకపోతే?’’

ప్రతి పేరు పక్కన రెండు నంబర్లు ఉంటాయని చెప్పండి. రెండోది ఇంట్లోవాళ్లది కాదు, పక్కింటివాళ్లది. రీఛార్జ్ అయిపోతే ఇంట్లో అన్ని ఫోన్లూ ఒకేసారి మూగబోతాయి. మూడో నంబరు ఆ వీధి ఆశాది. ఆ పట్టీ కంప్యూటర్‌లోనే కాకుండా నెలకోసారి ప్రింటు తీసి ఒకటి మీ దగ్గర, ఒకటి కీమో వార్డు సిస్టర్ దగ్గర ఉంటుందని చెప్పండి. లాక్‌డౌన్ రాత్రి ఆసుపత్రికి మీరు కూడా రాలేకపోవచ్చు కదా.